ప్లేటు మీద లేని పేరు: బ్లాసమ్స్ కథ

పాత పాటల గురించి మేము ఎప్పుడు రాసినా కింద ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "కోరస్‌లో పాడినవాళ్ళెవరండీ?" తొంభై శాతం మాకూ తెలియదు. పాటల పుస్తకంలో "బృందం" అని ఉంటుంది, అక్కడితో సరి. ఈసారి బృందం కథే చెబుతాం. మన దేశం కాదు, అమెరికా. పేరు ద బ్లాసమ్స్. వీళ్ళ గొంతు వినని అమెరికన్ ఇల్లు ఆ రోజుల్లో లేదనే చెప్పాలి. పేరు చెబితే మాత్రం "ఎవరు?" అనేవాళ్ళే ఎక్కువ.

1954లో లాస్ ఏంజిలిస్‌లోని ఫ్రీమాంట్ హైస్కూల్లో ఆరుగురు నల్లజాతి ఆడపిల్లలు కలిసి పాడటం మొదలుపెట్టారు. వాళ్ళలో ఫనీటా బారెట్ ఉంది, పెళ్ళయ్యాక ఫనీటా జేమ్స్ అయింది. మొదట పెట్టుకున్న పేరు డ్రీమర్స్. పాడింది చర్చి పాటలు. తర్వాత రిచర్డ్ బెర్రీ అనే గాయకుడి వెనక వంత పాడారు. 1957లో క్యాపిటల్ రికార్డ్స్ కంపెనీ తీసుకుంది, పేరు బ్లాసమ్స్ అయింది. ఆ కాలంలోనే ఒక పాస్టరు గారి కూతురు డార్లీన్ రైట్, ఇంకా హైస్కూల్లో ఉండగానే, వీళ్ళతో చేరింది. సొంత పేరుతో వేసిన ప్లేట్లు పెద్దగా అమ్ముడుపోలేదు. 1961లో అత్తగారిని ఆడిపోసుకునే ఒక మగగొంతు పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్తే, దానికి జవాబుగా వీళ్ళు "సన్ ఇన్ లా" అని అల్లుడి మీద పాట వేశారు. అది 79వ స్థానం దాకా వచ్చి ఆగింది. అత్తగారికి దొరికినంత గిరాకీ అల్లుడికి దొరకలేదన్నమాట.

అందుకని అన్నం పెట్టింది వంతపాటే. హాలీవుడ్ స్టూడియోల్లో అప్పటిదాకా కోరస్ అంటే ఎక్కువగా తెల్ల గాయకులదే. బ్లాసమ్స్ చెప్పిన టైముకి వచ్చేవారు, ఒకటి రెండుసార్లు విని స్వరం పట్టుకునేవారు, ఎవరి గొంతు పక్కన ఎలా సర్దుకోవాలో తెలిసి పాడేవారు. 1962లో షెల్లీ ఫాబరే అనే తెల్ల నటి పాడి మొదటి స్థానానికి వెళ్ళిన "జానీ ఏంజిల్" మొదట్లో వినబడే తియ్యటి కోరస్ వీళ్ళదే. బుర్రకథ చూసినవాళ్ళకి వంతల విలువ వేరే చెప్పనక్కర్లేదు. పక్కన ఇద్దరూ అందుకోకపోతే కథకుడు ఎంతసేపు నిలబడగలడు? కాకపోతే బుర్రకథలో వంతలు మన కళ్ళ ముందే ఉంటారు. స్టూడియోలో కనబడరు.

అసలు కథ ఆ ఏడాది జులైలో జరిగింది. ఫిల్ స్పెక్టర్ అని ఇరవై రెండేళ్ళ నిర్మాత. ఫిలీస్ అని రికార్డు కంపెనీ పెట్టాడు. ఫిల్, లెస్టర్ అనే ఇద్దరు భాగస్వాముల పేర్లు కలిపితే వచ్చిన పేరది. క్రిస్టల్స్ అని బ్రూక్లిన్ ఆడపిల్లల బృందం అతని కంపెనీకి పాడి అప్పటికే పేరు తెచ్చుకుంది. జీన్ పిట్నీ రాసిన "హీ ఈజ్ ఎ రెబెల్" పాట స్పెక్టర్ చేతికొచ్చింది. అదే పాటని మరో కంపెనీ విక్కీ కార్ అనే గాయని చేత పాడిస్తోందని తెలిసింది. ఎవరి ప్లేటు ముందు బజారుకొస్తే వాళ్ళదే పాట. క్రిస్టల్స్ దేశానికి ఆ చివర ఉన్నారు, స్పెక్టర్ లాస్ ఏంజిలిస్‌లో ఉన్నాడు. వాళ్ళ కోసం ఆగలేదు. గోల్డ్ స్టార్ స్టూడియోకి బ్లాసమ్స్‌ని పిలిపించాడు. డార్లీన్ ముందు పాడింది, ఫనీటా వాళ్ళు వెనక పాడారు. కూలి ఒక్కసారి ముట్టింది. అమ్మకాల్లో వాటా లేదు.

ఫిలీస్ 106 నంబరు ప్లేటు బయటికొచ్చింది. దాని మీద పేరు: ద క్రిస్టల్స్. నవంబరులో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళి రెండు వారాలు అక్కడే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చాలామంది వదిలేస్తారు. అన్యాయం బ్లాసమ్స్‌కి ఒక్కరికే జరగలేదు. తాము పాడని పాట తమ పేరుతో వచ్చిందని క్రిస్టల్స్ రేడియోలో విని తెలుసుకున్నారు. ఊరూరా కచేరీల్లో జనం ఆ పాటే అడుగుతారు. పాడక తప్పదు, అదీ ఇంకొకరి గొంతులా. ఒక బృందానికి పేరు లేకుండా పోయింది, ఇంకో బృందానికి తమది కాని పేరు వచ్చింది. లాభం మాత్రం ఒకే జేబులోకి వెళ్ళింది.

మన దగ్గరా ఇలాంటిది జరిగిందని ముంబై, షోలాపూర్ సభ్యులకు గుర్తుండే ఉంటుంది. 1949లో "మహల్" సినిమా పాట ప్లేటు మీద మొదట లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలోని పాత్ర పేరు కామినీ అని వేశారు. శ్రోతలు రేడియోకి రాసి అడిగాక లత పేరు బయటికొచ్చింది. డార్లీన్ విషయంలో అలా అడిగినవాళ్ళు లేరు. క్రిస్టల్స్ నిజంగానే ఉన్న బృందం కదా, ఎవరికి అనుమానమొస్తుంది?

ఆ తర్వాత డార్లీన్ సొంత ఒప్పందం రాయించుకుంది. "హీ ఈజ్ ష్యూర్ ద బాయ్ ఐ లవ్" అనే పాట తన పేరుతో వస్తుందని నమ్మి పాడింది. రేడియోలో అనౌన్సర్ చెప్పిన పేరు మళ్ళీ క్రిస్టల్స్! రైట్ తీసేసి లవ్ అని పేరు మార్చింది కూడా స్పెక్టరే. చివరికి 1963లో డార్లీన్ లవ్ పేరుతో ప్లేట్లు వచ్చాయి. ఆ ఏడు నవంబరు 22న అతని క్రిస్మస్ పాటల ఆల్బమ్ విడుదలైంది. అదే రోజు కెనెడీ హత్య జరిగింది. పండగ పాటలు కొనే మనసు ఎవరికుంటుంది?

బ్లాసమ్స్ ముఖాలు దేశానికి తెలిసింది 1964 సెప్టెంబరులో. ఏబీసీ టీవీలో "షిండిగ్" అని వారం వారం పాటల కార్యక్రమం మొదలైంది. నిర్మాత జాక్ గుడ్ ఇంగ్లండు మనిషి. ముగ్గురు నల్లజాతి స్త్రీలు, ఫనీటా, జీన్ కింగ్, డార్లీన్, ప్రతి వారం తెరమీద కనబడటం టీవీ పెద్దలకు ఇష్టం లేదని, జాక్ గుడ్ పట్టుబట్టాడని డార్లీన్ తర్వాత చెప్పారు. పౌరహక్కుల చట్టం వచ్చి అప్పటికి రెండు నెలలు. 1966 జనవరి దాకా ఆ ముగ్గురూ వచ్చిన ప్రతి గాయకుడికీ వంత పాడారు. మా దృష్టిలో బ్లాసమ్స్ చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే, మొదటి స్థానం పాట కన్నా. ఎందుకంటే ఇక్కడ గొంతుకి ముఖం తోడైంది.

ఆ రోజుల్లోనే రైటియస్ బ్రదర్స్ పెద్ద పాట "యూ హావ్ లాస్ట్ దట్ లవిన్ ఫీలిన్" వెనకా, 1966లో ఫ్రాంక్ సినాట్రా "దట్స్ లైఫ్" వెనకా వీళ్ళే. 1968 డిసెంబరులో ఎల్విస్ ప్రెస్లీ టీవీ స్పెషల్‌లో చర్చి పాటల భాగానికి వీళ్ళే దన్ను. విరామంలో ఎల్విస్ గిటారు పట్టుకుని వీళ్ళ దగ్గర చేరి చిన్నప్పటి భక్తి పాటలు పాడించుకునేవాడట.

తర్వాత డార్లీన్ విడిపోయారు. మిగిలినవాళ్ళు కొన్నేళ్ళు నడిపారు. జీన్ కింగ్ 1983లో గుండెపోటుతో పోయారు. అంతకు కొంచెం ముందో వెనకో, పాటల పని దొరక్క డార్లీన్ బెవర్లీ హిల్స్‌లో ఇళ్ళు తుడిచే పనికి వెళ్ళారు. ఒకరోజు బాత్రూము కడుగుతుంటే రేడియోలో 1963 నాటి తన క్రిస్మస్ పాటే వచ్చిందని, అది విని మళ్ళీ పాటకు వెళ్ళాలని నిశ్చయించుకున్నానని ఆమె చెప్పుకున్నారు. 1986 నుంచి 2014 దాకా డేవిడ్ లెటర్‌మన్ టీవీ కార్యక్రమంలో దాదాపు ప్రతి డిసెంబరులోనూ అదే పాట పాడారు. స్పెక్టర్ మీద కోర్టుకు వెళ్ళి రాయల్టీ బాకీ కింద రెండున్నర లక్షల డాలర్లకు పైగా తీర్పు తెచ్చుకున్నారు. 1998లో ఆత్మకథ వేశారు. దాని పేరు "మై నేమ్ ఈజ్ లవ్".

2011లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకుంది. కోరస్ గాయనుల మీద తీసిన "ట్వంటీ ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్" డాక్యుమెంటరీకి 2014లో ఆస్కార్ వచ్చింది, అందులో డార్లీన్‌తో పాటు ఫనీటా కూడా కనబడతారు. దొరికితే చూడండి. "హీ ఈజ్ ఎ రెబెల్" కూడా ఒకసారి వినండి. ఆ పాత ప్లేటు బొమ్మ మీద పేరు ఇప్పటికీ క్రిస్టల్స్ అనే ఉంటుంది.