సముద్రం మీద రెండో కొలువు

అమీర్‌పేట మైత్రీవనం ముందు ఏ సాయంత్రం నిలబడినా అమెరికా మాటలే చెవిన పడతాయి. వీసా స్లాటు దొరికిందా, ఐ-20 వచ్చిందా, హెచ్‌-1బీ లాటరీలో పేరు తగిలిందా అని. ఆ దేశం ఏం పడి ఇక్కడిదాకా వచ్చిందన్న మాట మాత్రం వినపడదు. నేనూ ఆ గల్లీల్లో కోర్సు నోట్సుల జిరాక్సులు చంకన పెట్టుకుని తిరిగినవాణ్ణే. ఇప్పుడు దక్షిణ ఫ్లోరిడాలో ఉంటున్నాను, ఈ దేశ పౌరుణ్ణి. దీని చరిత్రలో ఒక్క ముక్క మా అమీర్‌పేట, పంజాగుట్ట వాళ్ళకు చెప్పమంటే, ఇక్కడ చేపల పడవలు నడుపుకుని బతికే మాజీ సైనికుల సంగతి చెబుతాను.

మయామీ నుంచి దక్షిణంగా కారులో గంటన్నర వెళ్తే ఫ్లోరిడా కీస్ దీవుల వరసలో ఇస్లమొరాడా వస్తుంది. ప్రపంచ స్పోర్ట్ ఫిషింగ్‌కు తానే రాజధానినని చెప్పుకునే ఊరు. సరదాగా గాలం వేయాలని వచ్చేవాళ్ళకు పడవ, కెప్టెన్, గాలాలు, ఎర అన్నీ కలిపి పూటకో, రోజుకో బాడుగకు ఇవ్వడమే ఇక్కడి వ్యాపారం. దాన్ని చార్టర్ అంటారు. సగం రోజంటే నాలుగు గంటలు, పూర్తి రోజంటే ఎనిమిది. కెప్టెన్‌కు తోడుగా మేట్ అనే సహాయకుడు ఉంటాడు. బేరం ఎక్కకముందే, చీకటితోనే విసురువల వేసి చిన్న చేపల్ని ప్రాణంతో పట్టి పడవలోని నీళ్ళతొట్టిలో వదులుకుంటారు. పగడపు దిబ్బ దాటాక నీళ్ళ రంగు ముదిరి గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం మొదలవుతుంది. చలికాలంలో అక్కడ దొరికేది సెయిల్‌ఫిష్, మన విశాఖ రేవులో కొమ్ముకోనాం అనే జాతి. ఎండాకాలంలో మాహీ. ఏప్రిల్ దాటితే వంతెనల కింద మనిషంత టార్పన్ చేపలు. మాహీని కోసి ఇంటికి పట్టుకెళ్తారు గానీ, సెయిల్‌ఫిష్‌నూ టార్పన్‌నూ దాదాపు ఎప్పుడూ తిరిగి నీళ్ళలోకే వదిలేస్తారు. ఇంత కష్టపడి పట్టి వదిలేయడమేమిటని మనవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. ఆ చేప బతికుంటేనే రేవుకు రేపటి బేరం.

ఈ కెప్టెన్లలో నేవీ, కోస్ట్‌గార్డ్, మెరైన్స్, ఆర్మీల నుంచి రిటైరైనవాళ్ళు తరచుగా కనబడతారు. కీ వెస్ట్‌లో నౌకాదళపు వైమానిక స్థావరం ఉంది, హోమ్‌స్టెడ్‌లో ఎయిర్ రిజర్వ్ బేస్ ఉంది. పోస్టింగు మీద వచ్చినవాళ్ళు ఈ నీళ్ళకు అలవాటుపడి ఉండిపోతారు. అయితే అలవాటు ఒక్కటే పడవ కొనిపెట్టదు కదా. అమెరికా సైన్యంలో ఇరవై ఏళ్ళు పూర్తి చేసినవాడికి జీవితాంతం పింఛను వస్తుంది. పాత పద్ధతిలో మూల వేతనంలో సగం. 2018 నుంచి చేరినవాళ్ళకు 40 శాతం, దానికి తోడు ప్రభుత్వం కూడా కొంత వేసే పొదుపు ఖాతా. పద్దెనిమిదో ఏట చేరినవాడు ముప్పై ఎనిమిదికి బయటికి వస్తాడు. ఇంటి ఖర్చులో కొంత పింఛను మోస్తుంది కాబట్టి, జూన్ నుంచి నవంబరు దాకా ఉండే తుపాను సీజనులో బేరాలు పడిపోయినా పడవ అమ్ముకోవలసిన అగత్యం రాదు. మామూలు కుర్రాడికి లేని దన్ను అది.

లైసెన్సు విషయంలోనూ పాత కొలువు అక్కరకొస్తుంది. డబ్బు తీసుకుని మనుషుల్ని సముద్రంలోకి తీసుకెళ్ళాలంటే కోస్ట్‌గార్డ్ లైసెన్సు తప్పనిసరి. దానికి కనీసం 360 రోజులు పడవ మీద పనిచేసిన అనుభవం చూపించాలి. అందులో 90 రోజులు గత మూడేళ్ళలోవి కావాలి. సైన్యంలో ఉండగా ఓడ మీద గడిపిన కాలం కూడా ఇందులో లెక్కకు వస్తుంది. మొదటి మెట్టు లైసెన్సుతో ఎక్కించుకోగలిగేది ఆరుగురినే. అందుకే రేవులో దాన్ని సిక్స్‌ప్యాక్ అంటారు.

ఆ ఆరు దాటితే పడవకే తనిఖీ ఉండాలన్న నియమం ఊరికే రాలేదు. 1951 సెప్టెంబరు 1న న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటాక్ దగ్గర పెలికన్ అనే చేపల పడవ బోల్తా పడింది. మోయగలిగినదానికన్నా ఎంతో ఎక్కువగా, 64 మందితో వెళ్ళింది. 45 మంది పోయారు. దాంతో 1956లో చట్టం తెచ్చారు. ఆరుగురికి మించి ప్రయాణికుల్ని ఎక్కించుకునే పడవను కోస్ట్‌గార్డ్ పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి, ఎందరు ఎక్కవచ్చో అందులో రాసి ఉండాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు నాకు పెలికనే గుర్తొచ్చింది. చట్టం రాసుకోవడం ఒక ఎత్తు, రేవులో నిలబడి తలలు లెక్కపెట్టి పడవను ఆపే మనిషిని పెట్టుకోవడం ఇంకో ఎత్తు.

పెలికన్ మునిగింది లేబర్ డే సెలవుల్లో. ఇస్లమొరాడా మరిచిపోలేని రోజు కూడా లేబర్ డేనే, పదహారేళ్ళ ముందుది. నేను అసలు చెప్పాలనుకున్న కథ ఇక్కడుంది.

మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1924లో కాంగ్రెసు బోనస్ ప్రకటించింది. స్వదేశంలో చేసిన రోజుకు డాలరు, విదేశంలో చేసిన రోజుకు డాలరుంపావు. ఎక్కువమందికి చేతికిచ్చింది కాగితం మాత్రమే; సొమ్ము 1945లో. ఈలోగా మహామాంద్యం వచ్చి పడింది. ఉద్యోగాలు పోయి, పిల్లలు పస్తులుంటున్నప్పుడు పదమూడేళ్ళ తర్వాత వచ్చే డబ్బు ఎవరికి కావాలి? 1932 వేసవిలో వేలాదిమంది మాజీ సైనికులు, కొందరు పెళ్ళాం బిడ్డలతో సహా, గూడ్సు రైళ్ళెక్కి వాషింగ్టన్ చేరారు. అనకోస్టియా నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. బోనస్ ఇప్పుడే ఇవ్వాలన్న బిల్లును ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేట్ తిప్పికొట్టింది. జులై 28నాటి పోలీసు కాల్పులు ఇద్దరు మాజీ సైనికుల్ని బలిగొన్నాయి. ఆ సాయంత్రమే జనరల్ మెకార్థర్ గుర్రపుదళాన్నీ టాంకులనూ బాష్పవాయువునూ వాళ్ళ మీదికి నడిపించాడు. గుడిసెలు తగలబడ్డాయి. తన సైనికుల మీదికి తన సైన్యాన్నే తోలిన దేశం ఇది. అమెరికాను పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ కూడా ఈ రోజును గుర్తుపెట్టుకోవాలి.

రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యాక పద్ధతి మారింది గానీ బోనస్ రాలేదు. రాజధానిలో మళ్ళీ గుమిగూడకుండా మాజీ సైనికుల్ని దూరప్రాంతాల పనులకు పంపారు. అలా కొన్ని వందలమంది కీస్ దీవులకు చేరారు. మయామీ నుంచి కీ వెస్ట్‌కు హెన్రీ ఫ్లాగ్లర్ వేయించిన రైలుమార్గం 1912 నుంచి ఉంది గానీ, కార్లు పోయే దారి మధ్యలో తెగి ఉంది. దాన్ని కలిపే వంతెన పని వీళ్ళది. విండ్లీ కీ, లోయర్ మాటకుంబే దీవుల్లో సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తున, చెక్కలతో గుడ్డలతో వేసిన పాకల్లో కాపురం. నెలకు సుమారు ముప్పై డాలర్ల కూలి.

1935 సెప్టెంబరు 2, లేబర్ డే. ఆ రాత్రి తీరం తాకిన తుపానులో వాయుపీడనం 892 మిల్లీబార్లకు పడిపోయింది. అమెరికా నేలను తాకిన తుపానుల్లో అంత తక్కువ పీడనం ఇప్పటికీ మరోటి లేదు. దివిసీమ ఉప్పెన కథలు విన్నవాళ్ళకు ఆ నీటిగోడ ఎలాంటిదో నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. శిబిరాలవాళ్ళను తీసుకురావడానికి రైలు పంపాలన్న నిర్ణయమే ఆలస్యమైంది. మయామీ నుంచి సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో బయల్దేరిన రైలు ఎనిమిది దాటాక ఇస్లమొరాడా చేరింది. అప్పటికే సముద్రం లేచింది. ఇంజను ఒక్కటి పట్టాల మీద నిలబడింది, పెట్టెలన్నీ కొట్టుకుపోయాయి. నాలుగువందల మందికి పైగా మరణించారు, వాళ్ళలో సగానికి పైగా ఈ మాజీ సైనికులే. ప్రభుత్వపు తొలి విచారణ దీన్ని దైవఘటన అంది. కీ వెస్ట్‌లో ఉంటూ ఇదే సముద్రంలో గాలం వేసే రచయిత హెమింగ్వే ఆ శవాలను కళ్ళారా చూసి, తుపాను కాలంలో వాళ్ళను అక్కడ ఉంచిందెవరని నిలదీస్తూ న్యూ మాసెస్ పత్రికకు రాశాడు. ఆ ప్రశ్నకు బల్ల గుద్ది జవాబు చెప్పినవాళ్ళు లేరు.

రైలుమార్గాన్ని మళ్ళీ కట్టలేదు. 1938లో దాని వంతెనల మీదుగానే ఓవర్సీస్ హైవే తెరిచారు. చార్టర్ పడవల వ్యాపారానికి ఈ రోడ్డే ప్రాణం. బేరాలన్నీ దీని మీదే వస్తాయి. మాజీ సైనికులు పోసిన కాంక్రీటు స్తంభాలు కొన్ని లోయర్ మాటకుంబే దగ్గర నీళ్ళలో ఇంకా నిలబడి ఉన్నాయి.

1936లో, రూజ్‌వెల్ట్ వీటోను కాదని, కాంగ్రెసు బోనస్ చెల్లించింది. రెండో యుద్ధం ముగియకముందే పాలకులకు ఒక భయం పట్టుకుంది. ఈసారి ఇంటికి వచ్చేది కోటీ అరవై లక్షలమంది. అనకోస్టియా మళ్ళీ రాకూడదు. అమెరికన్ లీజియన్ సంఘానికి చెందిన హ్యారీ కోల్మెరీ ముసాయిదా రాశాడు, 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం పెట్టాడు. అదే జీఐ బిల్. చదువుకు ఫీజులు, ఇంటికో పొలానికో వ్యాపారానికో ప్రభుత్వ హామీతో అప్పు. సుమారు 78 లక్షలమంది చదువో శిక్షణో అందుకున్నారు. యూనిఫాం విప్పిన మనిషికి సొంత వ్యాపారం పెట్టుకునే హక్కుందని ఈ దేశం చట్టంలో రాసుకున్నది అప్పుడే. ఇవాళ్టి కెప్టెన్ నిలబడ్డ నేల అదేనని నా నమ్మకం.

ఆ నేల అందరికీ సమంగా దక్కలేదు. అప్పులిచ్చేది స్థానిక బ్యాంకులు. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని పదమూడు పట్టణాల్లో ఈ హామీతో ఇచ్చిన 3,229 అప్పుల్లో నల్లజాతి వాళ్ళకు దక్కినవి రెండు. మనవాళ్ళ కథా ఒకటుంది. పంజాబునుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్ మొదటి యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1923లో సుప్రీంకోర్టు ఆయన తెల్లవాడు కాదని పౌరసత్వానికి అనర్హుణ్ణి చేసింది. మాజీ సైనికుడన్న హోదా మీద, 1935 జూన్‌లో వచ్చిన చట్టం వల్ల ఆ తర్వాతి ఏడాది ఆయన పౌరుడయ్యాడు. మాటకుంబే తుపానుకు రెండు నెలల ముందటి చట్టమది. ఒకే ఏడాదిలో ఒక మాజీ సైనికుడికి తలుపు తెరిచారు, ఇంకొందరిని అలలకు వదిలేశారు.

ఇక మన సంగతి. మైత్రీవనం కోచింగ్ సెంటర్ల మెట్ల దగ్గర, పంజాగుట్ట నగల షాపుల తలుపుల దగ్గర నిలబడే గార్డుల్లో ఫౌజీలు ఉంటారు. పదిహేను, పదిహేడేళ్ళు సర్వీసు చేసి, నలభై నిండకుండానే పింఛనుతో వచ్చినవాళ్ళు. వైర్‌లెస్ తెలుసు, ఇంజన్లు తెలుసు, పదిమందిని నడిపించడం తెలుసు. మనం వాళ్ళతో తలుపు తీయిస్తున్నాం. తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది, కొమ్ముకోనాం, సూర, వంజరం తిరిగే సముద్రం ఉంది. రిటైరైన నావికుడొకడు, ఆ నీళ్ళను తరతరాలుగా ఎరిగిన జాలరి ఒకడు కలిసి భీమిలి నుంచి ఆరుగురిని గాలానికి తీసుకెళ్ళే పడవ పెట్టుకుంటామంటే లైసెన్సు, అప్పు, బీమా ఎక్కడ దొరుకుతాయో ఒక్క కిటికీ దగ్గర చెప్పే ఏర్పాటు కావాలి. 2022లో అగ్నిపథ్ సైనిక నియామక పథకం వచ్చాక ఇది మరీ తొందరపని. నాలుగేళ్ళకే, పింఛను లేకుండా, ఇరవైల్లోని కుర్రాళ్ళు ఎక్కువమంది తిరిగొస్తారు.

లాంగ్ వీకెండ్ వస్తే మన పిల్లలు అద్దె కార్లలో కీ వెస్ట్‌కు దూసుకుపోతుంటారు. మీ ఇంటి నుంచి వచ్చినవాళ్ళుంటే చెప్పండి: ఇస్లమొరాడాలో 81, 82 మైలురాళ్ళ మధ్య ఆగమని. అక్కడ కీస్ రాతితో కట్టిన స్మారకం ఉంది, 1937 నవంబరులో ఆవిష్కరించారు. గాలికి వంగిన కొబ్బరిచెట్లను దాని మీద చెక్కారు. ఆ తుపానులో పోయినవాళ్ళ చితాభస్మం దాని లోపలే ఉంది. తర్వాత ఆరుగురు కలిసి ఒక పడవ మాట్లాడుకోమనండి. కెప్టెన్‌ను ఏ దళంలో చేశారని అడిగితే చాలు, దిబ్బ దాటేలోపు బోలెడు చెబుతారు. దిగేటప్పుడు మేట్‌కు బాడుగలో పదిహేను, ఇరవై శాతం టిప్పు ఇవ్వాలి. అతని రాబడిలో పెద్దభాగం అదే.