పల్నాడు జిల్లా

పల్నాడు జిల్లా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని ఒక జిల్లా. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి గుంటూరు జిల్లా పశ్చిమ భాగమును వేరుచేసి దీనిని ఏర్పాటు చేసిరి. ముఖ్యపట్టణము నరసరావుపేట. ఉత్తరమున కృష్ణా నది జిల్లాకు సహజమైన ఎల్లగా ఉన్నది.

పేరు, సరిహద్దులు

చరిత్రలో పల్నాడు అనగా గురజాల, మాచర్ల, కారెంపూడి పరిసరములు. 12వ శతాబ్దమునాటి పల్నాటి యుద్ధము కారెంపూడి వద్ద జరిగినది. నేటి జిల్లా అంతకంటె చాలా పెద్దది. నరసరావుపేట లోక్‌సభ నియోజకవర్గములోని 7 శాసనసభ స్థానముల ప్రాంతమే జిల్లా అయినది. అందుచేత పాత పల్నాటికి వెలుపలి చిలకలూరిపేట, పెదకూరపాడు ప్రాంతములు కూడ ఇందులో చేరినవి. ప్రాచీన స్తూపముగల అమరావతి సైతము ఈ జిల్లాలోనికే వచ్చినది. కనుక చరిత్ర గ్రంథములలోని పల్నాడును, జిల్లా పల్నాడును ఒకటిగా భావించరాదు.

పరిపాలనా విభాగములు

1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చినవి. 2022లో జిల్లా ఏర్పడినప్పుడు 3 రెవెన్యూ డివిజన్లు, 28 మండలములు ఉండెను. సత్తెనపల్లి డివిజన్ అప్పుడే కొత్తగా ఏర్పడినది.

* నరసరావుపేట డివిజన్ (10): నరసరావుపేట, చిలకలూరిపేట, నాదెండ్ల, యడ్లపాడు, రొంపిచర్ల, వినుకొండ, నూజెండ్ల, శావల్యాపురం, ఈపూరు, బొల్లాపల్లి.
* సత్తెనపల్లి డివిజన్ (9): సత్తెనపల్లి, ముప్పాళ్ళ, నకరికల్లు, రాజుపాలెం, పెదకూరపాడు, క్రోసూరు, అచ్చంపేట, బెల్లంకొండ, అమరావతి.
* గురజాల డివిజన్ (9): గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ళ, మాచవరం, కారెంపూడి, మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, రెంటచింతల.

జనాభా

2011 జనగణననుబట్టి ఈ ప్రాంత జనాభా 20,41,723. విస్తీర్ణము 7,298 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి గుంటూరు జిల్లా విస్తీర్ణము 11,391 చదరపు కిలోమీటర్లు, జనాభా 48,87,813. అనగా పాత జిల్లా భూమిలో సుమారు 64 శాతము పల్నాడుకు రాగా, జనములో వచ్చినది 42 శాతము మాత్రమే. జనసాంద్రత ఉమ్మడి జిల్లాలో చదరపు కిలోమీటరుకు 429 కాగా, ఇచట 280. పాఠశాల గాని, ఆసుపత్రి గాని నెలకొల్పునపుడు ప్రజలు నడవవలసిన దూరము లెక్కకు వచ్చునది ఇందువలననే.

జనములో సుమారు 78 శాతము గ్రామవాసులు. 2011లో లక్ష జనాభా దాటిన పట్టణములు నరసరావుపేట, చిలకలూరిపేట మాత్రమే. గురజాల, దాచేపల్లి 2020లో నగర పంచాయతీలయినవి గనుక 2011 లెక్కలలో అవి గ్రామములే. పశ్చిమమున బొల్లాపల్లి, వెల్దుర్తి మండలములలో లంబాడీ తండాలు ఎక్కువ.

ఈ అంకెలన్నియు పాత గుంటూరు జిల్లా మండలముల లెక్కలను కూడగా వచ్చినవి. 2021 జనగణన జరుగలేదు. 2027 మార్చి 1ని ఆధారతేదీగా జనగణన జరుపుటకు కేంద్ర ప్రభుత్వము 2025 జూన్‌లో ప్రకటన వెలువరించినది.

జీవనాధారము

నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప ప్రధాన పంటలు. నాగార్జునసాగర్ కుడికాలువ క్రింద వరి పండును. కాలువ నీరందని మెట్ట మండలములకు వానలే ఆధారము. పిడుగురాళ్ళ సున్నపు పరిశ్రమకు ప్రసిద్ధి. మిరప పంట అమ్మకమునకు రైతులు నేటికిని గుంటూరు యార్డుకే పోవుచున్నారు. జిల్లా వేరైనను ఆ బంధము తెగలేదు.