కంటి బూజు పుండు: అదనపు చికిత్సతో మేలెంత?

పొలం పనిలో ఆకు అంచు, పొట్టు లేదా ముల్లు తగిలి, నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర గీసుకుపోవచ్చు. ఈ పొరను కార్నియా అంటారు. ఆ గాయం ద్వారా శిలీంధ్రం, అనగా బూజు, ప్రవేశించి పుండు ఏర్పడుతుంది. దక్షిణ భారతదేశంలో ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ దీనికి ముఖ్య కారకాలు.

ప్రధాన ఔషధం 5 శాతం నాటామైసిన్ చుక్కలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అయితే ఈ మందు కార్నియా లోతుకు అంతగా చొచ్చుకుపోదు. అందువలన దీనికి తోడుగా మరొక చికిత్స కోసం పరిశోధనలు సాగుతున్నాయి.

ఇటువంటి చికిత్సలను తొలుత కుందేళ్ళపై పరీక్షిస్తారు. మత్తు ఇచ్చి, కార్నియాలో శిలీంధ్రాన్ని ప్రవేశపెట్టి, చికిత్స పొందిన కళ్ళను పొందని కళ్ళతో పోలుస్తారు. మన దేశంలో ఇందుకు సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. విటమిన్ బి2 చుక్కలు వేసి అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేయడం ఒక పద్ధతి. 2012లో ప్రచురితమైన అర్జెంటీనా పరిశోధనలో దీనివలన కుందేళ్ళ కంటి పుండు తీవ్రత తగ్గింది.

బెంగళూరు నారాయణ నేత్రాలయ వైద్యులు మందులకు లొంగని 15 మందికి ఇదే చికిత్స చేసి, 2014లో ఫలితాలను ప్రచురించారు. బూజు పుండు ఉన్న 6 గురిలో 3 గురికి నయమైంది. లోతుకు పాకిన పుండ్లు మానలేదు. అనంతరం మదురై అరవింద్ కంటి ఆసుపత్రిలో 111 మందిపై పరీక్ష జరిగింది. 2020లో వెలువడిన ఆ ఫలితాలలో అదనపు మేలు కనబడలేదు. పైగా చూపు కొంత తగ్గింది. నాటామైసిన్‌కు వోరికొనజోల్ మాత్రలు జోడించిన 2016 నాటి పరీక్షలోనూ మొత్తం మీద లాభం లేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి.

కుందేలు కంటికి బూజు సోకిన రోజు పరిశోధకునికి తెలుసు. రైతు మాత్రం తరచుగా పుండు ముదిరిన పిమ్మటే ఆసుపత్రికి చేరుతాడు. కనుక సరిహద్దు గ్రామాలవారు గమనించవలసినవి:

* దెబ్బ తగిలిన కన్ను ఎర్రబడి, నొప్పి లేక తెల్లమచ్చ కనిపిస్తే అదే రోజు కంటి వైద్యుని చూడాలి. బెంగళూరులో ప్రభుత్వ మింటో కంటి ఆసుపత్రి ఉంది.
* ఆకు పసరు, తల్లిపాలు కంటిలో వేయరాదు.
* వైద్యుని సలహా లేనిదే స్టెరాయిడ్ చుక్కలు వాడరాదు. ఎరుపు తగ్గినట్లుంటుంది గాని, లోపల బూజు పెరుగుతుంది.
* అంతకుముందు వేసిన చుక్కల సీసాను వెంట తీసుకువెళ్ళాలి. కన్నడం రాకపోయినా సీసాపై పేరు చూచి వైద్యుడు గ్రహిస్తాడు.