హాలీ సిక్కా, కల్దారు: పాత ధరలను చదవడం

తొర్రూరు నాడు నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ కాలపు బాకీ పత్రంలో 70 రూపాయలని కనిపిస్తే, అవి ఏ రూపాయలో ముందుగా తేల్చుకోవాలి. హైదరాబాదు రాజ్యానికి సొంత నాణెం హాలీ సిక్కా ఉండేది. బ్రిటిషిండియా రూపాయిని జనం కల్దారు అనేవారు. 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం. కనుక 70 హాలీ అంటే 60 కల్దార్లే. ఇది మరచి వరంగల్ ధాన్యం ధరను విజయవాడ ధరతో పోల్చితే, తెలంగాణ రైతుకు రాని ఆదాయం వచ్చినట్లు తోస్తుంది. 1948 సెప్టెంబరు సైనిక చర్యతోనూ హాలీ వెంటనే పోలేదు. కొన్నేళ్లు రెండూ చెలామణి అయ్యాయి.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 16 అణాల రూపాయి 100 పైసలైంది. అణాకు 6¼ పైసలు. ఆ పావు పైసను సంతలో ఎవరు భరించాలి? పావలాకు మాత్రం తగవు లేదు, సరిగ్గా 25.