చిన్న తూటా చరిత్ర



కలెక్టరేటులో గుమస్తాగా ఉన్న రోజుల్లో కొన్నేళ్ళు ఆయుధ లైసెన్సుల సీటు చూశాను. ఎన్ని తుపాకుల నంబర్లు రిజిస్టరులో ఎక్కించానో లెక్కలేదు గాని, చేత్తో పట్టుకుని పేల్చింది ఒక్కసారే. 1979లో ఒక ఫైరింగ్ ప్రాక్టీసుకు కాగితాల పని మీద వెళితే, అక్కడి అధికారి ఒకరు సరదాకి పాయింట్ 38 రివాల్వరు నా చేతికిచ్చారు. ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. చెవులు గింగురుమన్నాయి, మణికట్టు జివ్వుమంది. రెండోసారి పేలకముందే కళ్ళు మూసుకున్నాను. అందరూ నవ్వారు. నేను పిరికివాణ్ణనే బాధ నలభై ఏళ్ళకు పైగా మనసులో ఉండిపోయింది.

అందుకే మా మనవరాలు పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటానన్నప్పుడు అందరికంటే ముందు వద్దన్నది నేనే. మొదట ఎయిర్ పిస్టలుతో నేర్పారు. ఇప్పుడు పాయింట్ 22 పిస్టలుకు వచ్చింది. "తాతయ్యా, ఒకసారి వచ్చి చూడు" అంటే వెళ్ళాను. వచ్చాక ఆ తూటా చరిత్ర చదివాను.

పెద్ద తూటాకు నిప్పు రాజేసే మందు అడుగున మధ్యలో ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాకు ఆ మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. సుత్తి అంచు మీద కొడితే చాలు, పేలుతుంది. అంచు నలగాలంటే రేకు పలచగా ఉండాలి. రేకు పలచనైతే ఎక్కువ ఒత్తిడి తట్టుకోదు. అందుకే ఇది చిన్న తూటాగానే మిగిలింది. ధర తక్కువ, చప్పుడు తక్కువ, చేతికి తగిలే దెబ్బ మరీ తక్కువ.

1845లో పారిస్‌లో ఫ్లోబెర్ అనే తుపాకుల పనివాడు దీనికి ఆద్యుడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు పాయింట్ 22 రివాల్వరు తెచ్చారు. నేటికీ వాడుతున్న 'లాంగ్ రైఫిల్' తూటా 1887 నాటిది. పేరు రైఫిలుదే అయినా పిస్టళ్ళలోనూ అదే వాడతారు.

పేరుపొందిన పిస్టళ్ళను పక్కపక్కన పెట్టి చూద్దాం. జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో 1915లో కోల్ట్ కంపెనీ తెచ్చిన పిస్టలుకు తర్వాత వుడ్స్‌మన్ అనే పేరు వచ్చింది. సన్నంగా, చేతికి ఒదిగి ఉండేది. 1977లో ఆగిపోయింది. 1949లో రూగర్ వారు రేకును అచ్చుగుద్ది, అతికి, ముప్పై ఏడున్నర డాలర్లకే పిస్టలు ఇచ్చారు. సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. కాని శుభ్రం చేయడానికి విప్పితే మళ్ళీ బిగించడం పెద్ద తలనొప్పి. ఆ బాధ 2016లో వచ్చిన నాలుగో మార్కుతో గాని తీరలేదు. 1957లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ 41 బరువైనది, ఖరీదైనది. పోటీలకు దిగేవారు మెచ్చినది. ఒలింపిక్ పోటీల్లో నేడు ఇటలీ వారి పార్దీని, జర్మనీ వారి వాల్తర్ వంటివి కనిపిస్తాయి. కొత్తవారికి అంత ఖరీదు అక్కరలేదు. పిడి అరచేతికి అమరాలి, ట్రిగ్గర్ కుదుపు లేకుండా కదలాలి, చేయి నొప్పెట్టనంత బరువుండాలి. అంతే.

ఈ ఆటలో కరోలీ తకాచ్ కథ మరచిపోలేనిది. ఈ హంగరీ సైనికుడి కుడిచేయి 1938లో గ్రెనేడ్ పేలి పాడైంది. ఎడమచేత్తో మొదటినుంచి నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లలో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచాడు. అదే పోటీలో 2012లో మన విజయ్ కుమార్ రజతం తెచ్చాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం సాధించింది.

ఇక మా మనవరాలి సంగతి. ఆమెకు తెలియకుండా కోచ్ తూటాల మధ్య ఒక ఉత్త తూటా పెట్టారు. ఉలికిపడేవారి చేయి అది పేలకపోయినా కిందికి గుంజుతుందట. ఆ పిల్ల చేయి కదల్లేదు. నా పాత ముచ్చట చెబితే కోచ్ నవ్వలేదు. "నేర్పకుండా పెద్ద రివాల్వరు ఇస్తే ఎవరికైనా అంతే సార్. అది పిరికితనం కాదు" అన్నారు.

ఆ మాట 1979లో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మిత్రులారా, మీ మనవలు కొత్తది ఏదైనా నేర్చుకుంటామంటే, వద్దనే ముందు ఒకసారి వెళ్ళి చూడండి. మన భయాన్ని వాళ్ళ నెత్తిన రుద్దవద్దు.