ఢిల్లీ చరిత్రలో మందూ, తూటా

తుపాకి అన్న మాట మనకు తురుష్క భాష నుండి వచ్చింది. తెలంగాణా అడవి పల్లెల్లో భర్మారు అని పిలిచే నాటు తుపాకి ఆ పాత వంశానికి చెందినదే. గొట్టం మూతి నుండి మొదట మందు, ఆపైన గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చడం దాని పద్ధతి. నేటి తూటాలో మందు కొలతను కర్మాగారమే నిర్ణయిస్తుంది. ఆనాడు ఆ భారం చాలావరకు పేల్చేవానిదే. మందు తగ్గితే గుండు గురి చేరదు. మితిమీరితే గొట్టం పగులుతుంది. గుండు మందుకు ఆనకుండా నడుమ ఖాళీ మిగిలినా అదే ప్రమాదం. ఢిల్లీ పరిసరాల చరిత్రను ఈ దృష్టితో పరిశీలించడం ఆసక్తికరం.

1526 ఏప్రిల్ 21న పానిపట్టులో బాబరుకు విజయం చేకూర్చినవాటిలో ఫిరంగులు, తుపాకులు ముఖ్యమైనవి. అయినా ఆయన ఫిరంగుల నిపుణుడు ఉస్తాద్ అలీ కులీ పోతపోసిన ఒక పెద్ద ఫిరంగి పేల్చినప్పుడు తునాతునకలై ఎనిమిదిమందిని బలిగొన్నదని బాబరు తన స్మృతుల్లో దాచకుండా రాసుకున్నాడు. అక్బరు కాలంనాటికి ఈ భయం కొంత తగ్గింది. పూర్వం గొట్టంలో నాలుగోవంతుకు మించి మందు నింపలేకపోయేవారనీ, ఇనుప రేకును ఏటవాలుగా చుట్టి, మడత మీద మడత వచ్చేలా కాచి అతికే పద్ధతిని చక్రవర్తి ప్రవేశపెట్టాక నిండా దట్టించినా గొట్టం పగలడం లేదనీ అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో వివరించాడు. ప్రభుభక్తిలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. కాని ప్రతి తుపాకి మీద పనివాని పేరు, తయారైన చోటు, కాలం చెక్కించే ఏర్పాటు మాత్రం బాధ్యత ఎవరిదో తేల్చే చక్కని పద్ధతి.

మూడు శతాబ్దాల తరువాత ఎన్‌ఫీల్డ్ తుపాకి వచ్చింది. పాత బ్రౌన్ బెస్ గొట్టం లోపల నునుపు. గుండు వదులుగా జారేది. 0.577 అంగుళాల ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మెలిక గాళ్లుండేవి. మందు మసి పేరుకున్నకొద్దీ గుండు దిగడం కష్టమయ్యేది. అందుకే తూటా కాగితానికి కొవ్వు పూశారు. సిపాయి ఆ కాగితాన్ని పంటితో చించి, మందు పోసి, గుండును దట్టించాలి. యంత్రం దృష్టిలో అది సరైన తూటాయే. కాని నోట పెట్టుకోవలసిన మనిషిని ఎవరూ సంప్రదించలేదు. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న వార్త 1857 జనవరిలో కలకత్తా సమీపాన డమ్‌డమ్‌లో పుట్టి ఉత్తరాదికి పాకింది. చేతితో చించవచ్చునని తరువాత సవరించినా, అప్పటికే నమ్మకం చెడింది.

ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది ఆశ్వికులకు తూటాలు ఇస్తే 85 మంది తిరస్కరించారు. విచిత్రమేమంటే, ఆనాడు ఇచ్చినవి కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు, వారికి అలవాటైన పాతవే. మే 9న కవాతు మైదానంలో వారికి సంకెళ్లు వేశారు. మరునాడు మీరట్ తిరగబడింది. మే 11న సిపాయిలు ఢిల్లీ చేరారు.

ఆనాడే లెఫ్టినెంట్ విలోబీ ఢిల్లీ ఆయుధాగారాన్ని పేల్చివేశాడు. దాని ద్వారాల శిథిలాలు కాశ్మీరీ గేటు దగ్గర లోథియన్ రోడ్డు నడుమ నేటికీ నిలిచి ఉన్నాయి. ఫిరంగులు చాలావరకు సిపాయిలకు చిక్కాయి గాని, రానురాను మందుకు, తుపాకిని రగిలించే రాగి టోపీలకు కరవు వచ్చింది. టోపీ లేనిదే ఎంత మంచి తుపాకి అయినా ఉత్త ఇనుప కడ్డీయే. నగరం నడిబొడ్డున చూడీవాలాన్‌లో సురేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు నూరసాగారు. ఆగస్టు 7న ఆ కర్మాగారం పేలి ఎందరో పనివారు మరణించారు. ఇది ద్రోహమని తలచిన సిపాయిలు బహదూర్ షా వైద్యుడు హకీం అహసానుల్లా ఖాన్ ఇంటిని దోచారు. ఇరుకు పేటలో మందు నూరే చోట ప్రమాదానికి కుట్ర అవసరం లేదు, ఒక్క రవ్వ చాలు. ముట్టడిలో ఉన్నవారికి ఆ ఆలోచన తట్టకపోవడం సహజమే. సెప్టెంబరు ముగియకముందే నగరం ఆంగ్లేయుల వశమైంది.

ఆంగ్లేయులు ఆ ఏడాది అనుభవాన్ని మరువలేదు. 1859 నమూనాగా భారతీయ సిపాయిల కోసం చేయించిన తుపాకి చూపులకు ఎన్‌ఫీల్డే. లోపలి గాళ్లు లేకుండా గొట్టాన్ని 0.656 అంగుళాలకు వెడల్పు చేయించారు. తూటా సాఫీగా దిగేది. దూరపు గురి మాత్రం నిలిచేది కాదు.