చంద్రపూర్‌లో గృహరుణాలు

మహారాష్ట్ర తూర్పు కొసన, తెలంగాణను ఆనుకుని ఉన్న బొగ్గు జిల్లా చంద్రపూర్. గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, రైల్వే పనుల కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. రాజురా ప్రాంతమైతే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఇంటి అప్పుపై వడ్డీ ముంబయిలో ఎంతో ఇక్కడా దాదాపు అంతే. తేడా అంతా నేలలో, నేల కాగితాల్లో ఉంది.

వడ్డీ లెక్క

తెలుగువాళ్ల లెక్కలో ఏడాదికి 8.4 శాతమంటే 70 పైసల వడ్డీ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే అది 24 శాతం. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ రేటు గృహరుణాలను రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టి, కనీసం 3 నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ నిబంధన లేదు. రెపో తగ్గినా అక్కడి ఖాతాదారుకు వెంటనే ఊరట దక్కకపోవడానికి కారణం ఇదే. 2022 మే మొదట్లో 4 శాతమున్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5కి ఎక్కి, 2025 డిసెంబరుకు 5.25కి దిగింది.

రూ.30 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం అనుకుంటే నెల కిస్తీ సుమారు రూ.26,035. మొదటి నెల అందులో రూ.21,250 వడ్డీకే పోతుంది. రేటు 9.5కి పెరిగినా కిస్తీ మారలేదని సంబరపడితే, 240 నెలల అప్పు దాదాపు 309 నెలలకు సాగుతుంది. రేటు మారినప్పుడు కిస్తీ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా అన్నది రుణగ్రహీతను అడగాలని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులో ఆదేశించింది. చేతిలో డబ్బు పడ్డప్పుడు అసలులో కొంత ముందే కట్టేయడం మేలు. ఫ్లోటింగ్ రేటుపై వ్యక్తులు తీసుకున్న గృహరుణానికి ముందస్తు చెల్లింపు జరిమానా లేదు.

కాగితాలు

ఇల్లు రూ.30 లక్షల లోపు రుణంతో కొంటుంటే విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వవచ్చు. కానీ బ్యాంకు వకీలు ముందుగా అడిగేది సాత్‌బారా, అంటే మన పహాణీ లాంటిది. ఆ పొలం ఎన్ఏ అయిందా, అంటే వ్యవసాయేతర వినియోగానికి మారిందా అన్నది తర్వాతి ప్రశ్న. పాత పట్టణంలో నజూల్, అంటే ప్రభుత్వ స్థలమైతే లీజు షరతులు చూడాలి. సాత్‌బారాలో 'వర్గ్-2' అని రాసి ఉంటే అమ్మకానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆదివాసీల భూమిని కలెక్టర్ అనుమతి లేకుండా ఇతరులు కొనకూడదని 1966 నాటి మహారాష్ట్ర భూరెవెన్యూ చట్టం చెబుతోంది. చవకగా వస్తోందని అలాంటి ప్లాటుకు బయానా ఇచ్చినవారికి ఏ బ్యాంకూ అక్కరకు రాదు. ఇరై నది వరద ముంపు గీతకు లోపలున్న స్థలాలదీ ఇంచుమించు ఇదే కథ.

కాళ్ల కింద గని

2022 ఆగస్టులో ఈ జిల్లాలోని ఘుగ్గుస్‌లో ఒక ఇల్లు ఉన్నట్టుండి నేలలోకి దిగిపోయింది. గోడలు, కప్పు, సామాను అన్నీ లోతైన గోతిలో పడ్డాయి. ఇంట్లోవాళ్లు ముందే బయటికి రావడంతో ప్రాణాలు దక్కాయి. ఆ వాడ కింద పాత భూగర్భ గని ఉంది. చుట్టుపక్కల కుటుంబాలనూ ఖాళీ చేయించారు.

తాకట్టు పెట్టిన ఇల్లు ఇలా పోయినా బాకీ పోదు, కిస్తీ ఆగదు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన ప్రామాణిక బీమా 'భారత్ గృహ రక్ష'లో వరద, భూకంపంతో పాటు నేల కుంగుబాటూ ఉంది. అయితే తవ్వకాల వల్ల కలిగే నష్టానికి మినహాయింపు కూడా అదే పాలసీలో ఉంది. గనుల పక్కన ఇల్లు కొనేవారు ఆ వాక్యం ఎలా వర్తిస్తుందో బీమా కంపెనీని రాతపూర్వకంగా అడిగాకే బ్యాంకు కాగితాలపై సంతకం చేయాలి.